స్వింగ్ పక్కన కూర్చునే మాటలు

చిక్కడపల్లి,
మంగళవారం.

తేజస్వి గారికి,

ముందుగా నా రాతకు ఏమీ అనుకోకండి. నేను ఆరో తరగతి దాకానే చదివాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ అనుమానమే. గీతల్లేని కాగితం మీద వరుసలు కిందికి జారిపోతాయి. మీలాంటి చదువుకున్నవాళ్ళు చూస్తే నవ్వొస్తుందని తెలుసు. నవ్వినా సరే, చివరిదాకా చదవండి.

నా పేరు మనీష. కళ్యాణ్ భార్యను. అశోక్‌నగర్ రీడింగ్ హాల్లో మీ ఎదురుగా కూర్చుని చదివే కళ్యాణే. మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. ఇక్కడ చిక్కడపల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌కు ఆయన వాచ్‌మన్. లిఫ్టు పక్క గదిలో ఉంటాం. పొద్దున కార్లు కడిగి, నీళ్ళ మోటారు వేసి, మధ్యాహ్నం గేటు నాకు అప్పజెప్పి హాలుకు వస్తాడు. ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి. మీకు ఏమేం తెలుసో నాకు తెలియకపోవడమే నా బాధ.

మీ ఎదుట నిలబడితే నాకు నోరు రాదు. ఫోను చేద్దామంటే ఇంట్లో ఉన్నది ఆయన ఫోను ఒక్కటే. మా మెట్లు ఊడ్చే మాసమ్మ నారాయణగూడలో మీ ఇంట్లో కూడా గిన్నెలు తోముతుందని మొన్ననే తెలిసింది. అందుకే ఆమె చేతికిస్తున్నాను. ఆమెకు చదువు రాదు.

"ఏందే పొల్లా, గింత దూరానికి చిట్టి ఎందుకు? నోటితోని చెప్పు, నేను చెప్త గద" అంది.

"చెప్పేటిది కాదు పెద్దమ్మా."

"అయితే మొగని ముచ్చటే" అంది.

ఆయన ఇంగ్లీషు నోటుబుక్కులో ప్రతి పేజీకి నడుమ ఒక గీత ఉంటుంది. ఎడమవైపు ఆయన నీలం పెన్నుతో తెలుగులో అర్థం రాస్తాడు. కుడివైపు దానికి సరిపోయే ఇంగ్లీషు మాట మీరు పెన్సిల్‌తో రాస్తారు. మీ అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. పేజీలో సగం ఆయన, సగం మీరు. మా పెళ్ళయి మూడేళ్ళయింది. ఆయనది అనుకున్న దేనిలోనూ నాకు అంత వాటా లేదు.

రెండు రోజులుగా ఆయన నోట్లో ఒకటే మాట, స్వింగ్. కారు తుడుస్తూ "ఫుల్ స్వింగ్" అంటాడు. బకెట్ నింపుతూ "మూడ్ స్వింగ్" అంటాడు.

"అంటే ఏంది?" అని అడిగాను.

"ఊగుడు."

"ఊగుడుకు గిన్ని మాటలెందుకు?"

"గది ఒక్కతే ఉండదు. పక్కన ఎవరు కూసుంటే గట్ల మారుతది. ఫుల్ కూసుంటే పని జోరుగ నడుస్తున్నట్టు. హోల్ అన్నా ఫుల్ అన్నట్టే గాని, హోల్ కూసోవద్దు."

"ఎందుకు కూసోవద్దు?"

"ఎందుకంటే ఎందుకు లేదు. అలవాటు. తేజస్వి పది రాసిచ్చింది, నాకింక రెండే వచ్చినయ్" అని నవ్వాడు. ఆ నవ్వు నా కోసం నవ్వింది కాదు.

నిన్న ఆయన స్నానానికి పోయినప్పుడు ఆ పేజీ తీశాను. పైనుంచి రెండో వరుసలో 'మనసు కాసేపు ఇటు, కాసేపు అటు' అని ఆయన రాశాడు. ఎదురుగా మీ ఇంగ్లీషు మాట. దాని పక్కన సన్నగా తెలుగులో మీరే రాశారు: 'ఉదాహరణకు, ఇవాళ మీ ఇంట్లో!' ఆ పక్కన నవ్వే మొహం బొమ్మ.

ఆ రోజు ఏదో నాకు గుర్తుంది. ఆయన చెప్పిన దానికంటే రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. నేను అలిగి మాట్లాడలేదు. తర్వాత నేనే అన్నం పెట్టి, నేనే నవ్వాను. ఆ అలక మా గదిలో పుట్టి మా గదిలోనే చల్లారింది. అది అశోక్‌నగర్ దాకా ఎలా వచ్చింది? నా కోపాన్ని బల్ల మీద పెట్టుకుని ఇద్దరూ నవ్వుకున్నారా?

నాకు ఒక్కటే చెప్పండి. మా ఆయన మీకు ఏమవుతాడు?

ఇట్లు,
మనీష.


నారాయణగూడ,
గురువారం.

మనీష గారికి నమస్కారం.

మీ ఉత్తరం మాసమ్మ కొంగున కట్టుకుని తెచ్చింది. మా నాయనమ్మ బుల్లెమ్మ చూసి, "ఎవరే ఆ ఉత్తరం? పెళ్ళివారా?" అంది. "కాదు నాయనమ్మా, పెళ్ళయినవాళ్ళు" అన్నాను. ఆవిడకు నిరాశగానే ఉంది. నాకు ఇరవై తొమ్మిది. మా ఇంట్లో ఏ కాగితం వచ్చినా ఆవిడ అదే అడుగుతుంది.

ఆ నవ్వే బొమ్మ వేయడం తప్పు. ఆ రోజు హాల్లో మాకు నమూనా పరీక్ష పెట్టారు. అది మొదలవడమే ఆలస్యమైంది. కళ్యాణ్ గారు గడియారం చూసుకుంటూ "ఇంటికి పోతే మాట్లాడది" అని ఒకటే పరేషాన్ అయ్యారు. దాన్నే మూడ్ స్వింగ్ అంటారండీ అన్నాను, నవ్వారు, రాసేశాను. మీరు ఆ పుస్తకం తెరుస్తారని అనుకోలేదు. అలా అనుకోకపోవడం ఇంకా పెద్ద తప్పని మీ ఉత్తరం చదివాక తెలిసింది.

ఆయన నాకు ఏమవుతారని అడిగారు. ఇద్దరం ఒకే సర్కారు ఉద్యోగం పరీక్ష రాస్తున్నాం. ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు లెక్కలు రావు. నా లెక్కల పుస్తకంలో సగం ఆయన చేతిరాతే. అంతే. రెండేళ్ళుగా ఎదురెదురు కుర్చీల్లో కూర్చుంటున్నాం. సాయంత్రం అయిదు కాగానే ఆయన లేచిపోతారు, చేస్తున్న లెక్క సగంలో ఉన్నా సరే. ఎందుకని ఒకసారి అడిగితే "గేటు కాడ ఆమె ఒక్కతే ఉంటది" అన్నారు.

స్వింగ్ అంటే ఏమిటని ఆయన్ని అడిగానని రాశారు కదా, నేనూ చెబుతాను. హిమాయత్‌నగర్‌లో కొన్ని కొట్ల తలుపులు లోపలికి తోసినా, బయటికి తోసినా తెరుచుకుంటాయి చూడండి, అది స్వింగ్ డోర్. పడవకు దారి ఇవ్వడానికి పక్కకు తిరిగే వంతెన స్వింగ్ బ్రిడ్జి. ఎటు పడితే అటు గెలుపు తేలే ఓటు స్వింగ్ ఓటు. అది చెప్పినప్పుడు కళ్యాణ్ గారు "మా అపార్ట్‌మెంట్ మీటింగుల మూడో అంతస్తు సారుదే గా ఓటు. ఎవరు చాయ్ పోస్తే వాళ్ళ దిక్కు" అన్నారు. ఈ భాష ఇంతేనండీ. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో మనం పుట్టకముందే తీర్మానం అయిపోయింది. నేర్చుకోవడం తప్ప మనం చేసేదేమీ లేదు.

ఇంకో మాట. పరీక్షకు ఇంకా మూడు వారాలు కూడా లేవు. వయసు లెక్క ప్రకారం ఆయనకు ఇదే ఆఖరుసారి. పోయినసారి ఒకటిన్నర మార్కుతో పోయింది. అప్పటిదాకా ఆయన్ని ఏమీ అనకండి.

తేజస్వి.


చిక్కడపల్లి,
శనివారం.

తేజస్వి గారికి,

ఒకటిన్నర మార్కు సంగతి మీరు రాస్తే తెలిసింది. నాతో 'కొంచెంల పోయింది' అన్నాడు. ఆ కొంచెం ఎంతో మీకు తెలుసు. మీకు లెక్కలు చేసిపెడతాడని కూడా ఇప్పుడే తెలిసింది. అంటే మీ పుస్తకంలో కూడా సగం ఆయన ఉన్నాడు. ఒక పుస్తకమే అనుకుని ఏడ్చాను, రెండని తెలియదు.

ఆయన్ని ఏమీ అనకండి అని రాశారు. నా మొగుడితో నేను ఎలా మసలుకోవాలో నారాయణగూడ నుంచి చెప్పించుకోవలసి వచ్చింది.

మాసమ్మను అడిగాను, మీరు ఎలా ఉంటారని.

"కళ్ళద్దాలు పెట్టుకుంటది. సన్నగుంటది. దినాం గదే పసుపు చున్నీ. నీ అంత తెలుపు కాదు తియ్" అంది.

కొంచెం ప్రాణం కుదుటపడింది. అక్కడ ఆగకుండా "నవ్వితే ఎట్లుంటది?" అని అడిగాను.

"నవ్వితే మస్తుగుంటది" అంది.

ఎందుకు అడిగానో. రెండు పూటలు అన్నం సహించలేదు.

మీరు ఇక ఆ పేజీ గురించి శ్రమ పడకండి. స్వింగ్ పేజీలో ఇప్పుడు మీ రాత ఒక్క అక్షరం లేదు. రబ్బరుతో తుడిచేశాను. మీ మాటల్ని ముందే ఒక కాగితం మీద చూసి గీసుకున్నాను. వాటిని మళ్ళీ నా చేత్తో, ఆయన రాత ఎదురుగా, ఒకదాని కింద ఒకటి రాశాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. వేళ్ళు నొప్పి పుట్టాయి. ఇప్పుడు ఆ పేజీలో సగం ఆయన, సగం నేను.

మనీష.


నారాయణగూడ,
బుధవారం.

మనీషా,

తొందరలో రాస్తున్నాను. మాసమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

ఇవాళ హాల్లో ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటున్నాం. ఇటూ అటూ తెరుచుకునే తలుపును ఏమంటారంటే కళ్యాణ్ గారు "స్వింగ్ బ్రిడ్జి" అన్నారు. వంతెనను అడిగితే "స్వింగ్ ఓటు". ఓటును అడిగితే "స్వింగ్ షిఫ్ట్". తడుముకోకుండా, గడగడా చెప్పారు. పుస్తకం లాక్కుని చూశాను. నీ రాత.

ఏం జరిగిందో వెంటనే అర్థమైంది. రెండో వరుస మాట, మూడ్ స్వింగ్, నువ్వు రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు తెలుసు, ఆ పాపం నాదే. కానీ అది వదిలేసి కిందిది దాని చోట రాశావు. అక్కడి నుంచి అన్నీ ఒక మెట్టు పైకి ఎక్కాయి. చివరి వరుస ఖాళీగా మిగిలింది. మూడ్ స్వింగ్ ఆయనకు ముందే వచ్చు. మిగతావన్నీ నీ పేజీ చూసే బట్టీ పట్టారు. తలుపుకు బ్రిడ్జి ఏమిటి, ఓటుకు షిఫ్ట్ ఏమిటంటే, "ఎందుకంటే ఎందుకు లేదని మీరే అన్నరు గద" అన్నారు.

తప్పని చెప్పబోయాను. ఆయన వినలేదు. ఆ పేజీ తీసి బల్ల చుట్టూ ఉన్న నలుగురికీ చూపించారు. "మా ఇంటిది రాసింది. ఆరో తరగతి చదివింది, ఇంగ్లీష్ రాస్తుంది చూడుండ్రి. నాకు చెప్పకుండ చాటుకు నేర్చుకుంటుంది. ఆఖరిది ఇంక రానట్టుంది, నిదానంగ రాస్తది" అన్నారు. రబ్బరు తీశానో లేదో పుస్తకం మూసేశారు. "మీ రాత చెరిపిందని మీకు కోపమొచ్చింది గాని, తప్పేం లేదు మేడమ్" అని నవ్వారు.

నేను రబ్బరు మళ్ళీ సంచిలో వేసేశాను. ఎందుకంటే అందులో నిజం ఉంది. ఇన్నాళ్ళూ నేను రాసిన పేజీలను ఆయన ఎవరికీ చూపించలేదు మనీషా. నీ వంకర అక్షరాలను చూపించారు. నాకు కుళ్ళు పుట్టింది. నీ ఉత్తరాల్లో ఉన్నదేమిటో అప్పుడు పూర్తిగా తెలిసింది.

సరే, అదంతా పక్కన పెట్టు. పరీక్ష వచ్చే ఆదివారం కాక పై ఆదివారం. ఒకటిన్నర మార్కుతో పోయిన మనిషి ఈ పేజీతో లోపలికి వెళ్ళకూడదు. నేను చెబితే వినరు. నువ్వే చెప్పాలి.

సరైన వరుస రాస్తున్నాను. పని జోరు మీద ఉంటే ఫుల్ స్వింగ్. మనసుది మూడ్ స్వింగ్. తలుపుది స్వింగ్ డోర్, వంతెనది స్వింగ్ బ్రిడ్జి, ఓటుది స్వింగ్ ఓటు. మధ్యాహ్నం ఎక్కి పొద్దుపోయాక దిగే డ్యూటీ స్వింగ్ షిఫ్ట్. చటుక్కున పనిలోకి దిగితే స్వింగ్ ఇన్‌టు యాక్షన్. దారిలో ఒకసారి వచ్చి పలకరించి పోతే స్వింగ్ బై. కొత్త పనికి చెయ్యి అలవాటు పడితే గెట్ ఇన్‌టు ద స్వింగ్. ఎవరి మీదికైనా చెయ్యి విసిరితే టేక్ ఎ స్వింగ్. ఇంగ్లీషు అక్షరాలు కాగితం వెనక పెద్దవిగా రాశాను, చూసి గీయడానికి వీలుగా.

ఆలస్యం చేయకు.

తేజస్వి.


చిక్కడపల్లి,
శుక్రవారం.

తేజస్వి గారికి,

అక్కా అని రాద్దామని మొదలుపెట్టాను. చెయ్యి రాలేదు.

మీ ఉత్తరం అంది తొమ్మిది రోజులు. జవాబు రాయనందుకు మీరు ఏమనుకున్నారో. మాసమ్మ రోజూ "గా పొల్ల కళ్ళతోనే అడుగుతుందే" అని చెబుతూనే ఉంది.

నా రాతను నలుగురికీ చూపించాడని రాశారు. నాతో ఒక్క మాట అనలేదు. నా గురించి ఆయనకు కలిగిన సంతోషం కూడా ముందు మీరే చూశారు. నాకు మీ ఉత్తరంలో దొరికింది. ఆ కాగితం పట్టుకుని గేటు దగ్గర ఎంతసేపు కూర్చున్నానో, రెండో అంతస్తు అమ్మ కారు హారన్ కొడితే గానీ తెలివి రాలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అన్ని రోజులు ఎందుకు ఊరుకున్నానో దాచకుండా చెబుతాను. తప్పుదైనా ఆ పేజీ నాది. దాన్ని చూసుకుని ఆయన మురుస్తున్నాడు. సరి చేస్తే అది మళ్ళీ మీది అవుతుంది. పైగా ఎందుకు తుడిచానో చెప్పాలి. చెబితే నేను చదువు నేర్చుకోలేదని, కుళ్ళుకున్నానని తెలిసిపోతుంది. ఆయన పరీక్ష ఒక వైపు, నా పేజీ ఒక వైపు. ఇలా తూచానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ తూచాను. మీరు రాసిన వరుస మాత్రం గేటు దగ్గర కూర్చుని చదువుతూ ఉన్నాను, ఎందుకో నాకే తెలియకుండా.

నిన్న పొద్దున ఆయన కారు అద్దాలు తుడుస్తూ వల్లె వేస్తున్నాడు. "పక్కకు తిరిగే వంతెన, స్వింగ్ ఓటు. గెలుపు తేల్చే ఓటు, స్వింగ్ షిఫ్ట్." కళ్ళు మూసుకుని చెబుతున్నాడు. ఎక్కడా తడబాటు లేదు. నా మీద అంత నమ్మకం పెట్టి ఇంతకు ముందు ఎవరూ ఏదీ చదవలేదు. ఇక నావల్ల కాలేదు.

"గా పేజీ తప్పు" అన్నాను.

"ఏ పేజీ?"

"నేను రాసింది. ఒక వరుస ఇడిచిపెట్టిన. కిందియన్ని పైకెక్కినయ్."

గుడ్డ పిండుతున్నవాడు ఆగాడు. "ఎందుకు ఇడిచిపెట్టినవ్?"

"నా కోపం మీద నవ్విన్రు ఆడ. గది రాయబుద్ధి కాలే."

"మరి ఆమె రాసింది ఎందుకు చెరిపినవ్?"

"నీ పక్కన ఆమె రాత చూడబుద్ధి కాలే."

సగం పిండిన గుడ్డ భుజాన వేసుకున్నాడు. తర్వాత మెల్లగా, "అంటే నువ్వు నేర్చుకోలే. చూసి గీసినవ్ గంతే" అన్నాడు.

"గంతే" అన్నాను.

తిడతాడనుకున్నాను. బకెట్ తీసుకుని పోయి, అప్పుడే కడిగిన కారును మళ్ళీ కడిగాడు. పోయినసారి పరీక్ష పోయినప్పుడు ఆయన మొహం చూశాను. నిన్నటి మొహం అంతకంటే చిన్నబోయి ఉంది. తిరిగి వచ్చి, నా వైపు చూడకుండా అన్నాడు: "పోనీ తియ్. మధ్యాహ్నం పోయి తేజస్వితోని మల్ల రాయించుకొస్త."

ఆ పేరు అనకుండా ఉంటే నేను ఊరుకునేదాన్నే.

"ఆమెనెందుకు అడుగుడు? నాకొస్తయ్" అన్నాను. పదీ చెప్పాను. జోరుగా నడిచే పని దగ్గర మొదలుపెట్టి, విసిరే చెయ్యి దాకా, తెలుగు ఇటు, ఇంగ్లీషు అటు, ఊపిరి తీసుకోకుండా చెప్పాను. రెండోది కూడా చెప్పాను. ఆయన భుజం మీది గుడ్డలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఎట్ల నేర్చుకున్నవే?"

"నువ్వు చదువుతుంటే విన్న."

ఆయన చదివింది తప్పు, నేను చెప్పింది ఒప్పు. తప్పు విని ఒప్పు ఎలా నేర్చుకుంటారు? ఆ సంగతి ఆయనకు తట్టలేదో, తట్టినా మింగేశాడో ఇప్పటికీ తెలియదు. గదిలోకి పోయి నోటుబుక్కు, పెన్సిలు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "రాయి. ఈసారి నేను పక్కనుంట" అన్నాడు. నా రాతను నేనే తుడిచి మళ్ళీ రాశాను. అక్షరాలు అంతకు ముందే గీసి గీసి ఉన్నాను కాబట్టి చెయ్యి తడబడలేదు. మధ్యాహ్నం ఆయన హాలుకు రాలేదని మీకు తెలుసు. ఇందుకే రాలేదు. నేను తెలుగు అడిగాను, ఆయన ఇంగ్లీషు చెప్పాడు. పదికి పది.

ఆ పదీ మీవి. మీ దగ్గర ఎత్తుకొచ్చి నావని చెప్పాను. అబద్ధమని తెలిసే చెప్పాను, మళ్ళీ అడిగినా అదే చెబుతాను.

ఎల్లుండి పరీక్ష. మీరిద్దరూ పాసవ్వాలని దండం పెట్టుకున్నాను. ఇద్దరికీ వేరే వేరే ఆఫీసుల్లో రావాలని కూడా పెట్టుకున్నాను. ఆయన మీకు ఎక్కడైనా ఎదురుపడితే "మా ఇంటిది వినుకుంటనే నేర్చుకుంది" అని గొప్పగా చెబుతాడు. చెప్పనివ్వండి. మీరు ఆశ్చర్యపోవాలి. తెలిసినట్టు మొహం పెట్టకండి. నవ్వకండి కూడా.

మీ ఉత్తరాలు రెండూ ఇవాళ పొద్దున స్టవ్ మీద అంటించి, బూడిద తూములో పోసి నీళ్ళు వదిలాను. నావి మీ దగ్గర రెండున్నాయి, దీంతో మూడు. ఒక్కటి ఆయన కంటపడినా ఆ పేజీ నాది కాకుండా పోతుంది. దయచేసి మూడూ కాల్చేయండి, ఇది ముందు. మాసమ్మను అక్కడే ఉండి చూసి రమ్మన్నాను.

మనీష.